కడపలో మునుం పట్టిన రోజు

నాకు అక్షరాలు నా కోడలే నేర్పిందని అందరితో చెబుతుంటాను. నిజం చెప్పాలంటే ఆమె నేర్పలేదు. నేర్చుకోకుండా ఉండలేని స్థితికి తెచ్చింది.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. నేను గోడకు ఆనుకుని బుడ్డలు ఒలుస్తూ వినేదాన్ని. వేరుశనగను మా కర్నూలు వైపు బుడ్డలు అంటాం. కోడలిది మంచి గొంతు. కోపం ఉన్నచోట కోపంగా, గుసగుస ఉన్నచోట గుసగుసగా చదివేది. అయితే కథలో ఆ పిల్ల తలుపు తీసి, గడప అవతల ఎవరున్నారో చూసి, నోట మాట రాక నిలబడిపోయిన చోట సరిగ్గా పత్రిక మూసేది.

"ఎవరే వచ్చిందీ?" అనేదాన్ని.

"రేపు చదువుతా అత్తా. కొళాయికి నీళ్లొచ్చే టైమైంది" అని బిందె ఎత్తుకుని పోయేది.

పత్రిక నా ఎదురుగానే గూట్లో ఉండేది. వచ్చిందెవరో అందులోనే ఉంది. నాకు చూపు చక్కగా ఉంది, చేయి చాస్తే పత్రిక అందుతుంది, అయినా ఆ తలుపు అవతలి మనిషి నాకు కనపడడు. తీసి అటూ ఇటూ తిప్పి చూసేదాన్ని. బొమ్మలో ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉండేది. బొమ్మ గీసినాయన కూడా నా కోడలితో కూడబలుక్కున్నట్టు, తలుపు అవతలి మనిషిని గీయలేదు.

ఆ రోషంతో నేర్చుకున్నాను. అప్పటికే నా జుట్టు సగం నెరిసింది. ఒకరోజు బిందె ఎత్తుకోబోతున్న కోడలి కొంగు పట్టుకుని, "నీళ్లు నేను తెస్తా గానీ, ముందు ఈ అక్షరాలేందో చెప్పు" అన్నాను.

ఆమె బిందె కింద పెట్టి పకపకా నవ్వింది. "ఇన్నాళ్లకు అడిగినావు అత్తా! నువ్వు అడుగుతావనే గదా నేను ఆడ ఆపుతాండేది!"

నా భర్త మంచం మీద నుంచే, "ఏమి, ఇంక కలెక్టరు పరీక్ష రాస్తావా?" అన్నాడు. "రాస్తా. పాసైతే నిన్ను డ్రైవరుగా పెట్టుకుంటా" అన్నాను. ఆయన ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

అక్షరాలు పట్టుబడ్డాక నాకు ఒక పిచ్చి పట్టింది. కనపడిందల్లా చదివేదాన్ని. గోడల మీద సిమెంటు ప్రకటనలు, విత్తనాల సంచులు, కల్లూరు వైపు పోయే షేర్ ఆటోల వెనక రాతలు, పెళ్లి పందిరి మీద పేర్లు. అన్నీ బయటికే చదివేదాన్ని, ఎందుకంటే నోటితో పలకకపోతే నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి కర్నూలు పోతూ బస్సెక్కాను. కూర్చోడానికి చోటు లేదు. కిటికీ పైన ఏదో రాసి ఉంటే అలవాటుగా చదవడం మొదలుపెట్టాను. "స్త్రీ... ల... కు... మా... త్ర... మే." కింద కూర్చున్న పెద్దమనిషి నా వైపు చూశాడు. సరిగ్గా చదివానో లేదో అని మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం గట్టిగా చదివాను. ఆయన లేచి, "కూర్చో తల్లీ, కూర్చో" అని చోటిచ్చాడు. నేను ఆయన్ను లేపాలని చదవలేదు. కానీ చదువు వల్ల నాకు దక్కిన మొదటి లాభం ఆ కిటికీ పక్క సీటు.

తర్వాత కథలు చదివాను. కోడలు తెచ్చినవి, ఊళ్లో అంగన్వాడీలో దొరికినవి. ఏళ్ల తరబడి ఆకలిగా ఉన్నదాన్ని కదా, ఏది దొరికితే అది చదివాను. చాలా బాగున్నాయి. కాకపోతే ఒకటి గమనించాను. కథల్లో ఆడవాళ్లు వంటింట్లో ఏడుస్తున్నారు, లేదా ధైర్యం చేసి ఇల్లు వదిలి పోతున్నారు. కూలికి పోయే ఆడమనిషి ఎప్పుడన్నా కథలోకి వస్తే, పొద్దు గూకేలోపు ఆమె మీద ఏదో ఒక కష్టం విరుచుకుపడేది. కష్టాలు లేవని నేను అనను. నడుములు విరుగుతాయి, అరికాళ్లు పగులుతాయి, మగవాళ్ల కూలికీ మాకిచ్చేదానికీ ఎప్పుడూ తేడానే. కానీ చేనులో మేం నవ్వినంతగా నేను ఇంకెక్కడా నవ్వలేదు. ఆ నవ్వు ఏ కథలోనూ కనపడలేదు.

కోడలితో అన్నాను. "ఇదేంది, వీళ్లు ఎవ్వరూ కలుపు తీయరు, తీసినా నవ్వరు."

"అయితే నువ్వే రాయి అత్తా" అంది, చపాతీ పిండి కలుపుతూ, నా వైపు చూడకుండానే.

రాశాను. శానా రోజులు పట్టింది. మధ్యాహ్నం కాసేపు, పనిలేని రోజు కాసేపు. రాసింది మా మునుం గురించి.

మునుం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. కలుపుకు చేనులోకి దిగినప్పుడు ఆడవాళ్లం పక్కపక్కన వరుసగా కూర్చుని, ఒక్కొక్కరం మొక్కల వరసల నడుమ ఒక్కో సాలు పట్టుకుని, ఒకే ఊపున ముందుకు కదులుతాం. ఆ వరుసే మునుం. మునుం పట్టే ఆమె చివరి సాలులో ఉంటుంది. ఆమె వేగమే అందరి వేగం. ఎవరూ ఎవరినీ దాటి పోకూడదు. ఎవరైనా వెనకబడితే, పాలిచ్చి వచ్చిన బాలింత కావచ్చు, మోకాళ్ల నొప్పుల ముసలామె కావచ్చు, అటూ ఇటూ ఉన్న ఇద్దరూ తమ సాలు తీస్తూనే ఆమె సాలులోకి కూడా చేయి వేస్తారు. ఎందుకు వెనకబడ్డావని అడగరు. ఆమె మళ్లీ వరుసలోకి వస్తుంది. చేను చివరి గట్టును, మేము గెనిమ అంటాం, దాన్ని అందరం కలిసే చేరతాం. ఎగతాళి మాత్రం ఎవరికీ తప్పదు.

మా మునుం పట్టేది పెద్దక్క. నాకంటే పదేళ్లు పెద్దది, గొంతు రెండు చేల అవతలికి వినపడుతుంది. నా పక్క సాలు ఎప్పుడూ వదినది. ఊరి వరసకు వదిన. ఆమె నోటికి చిక్కితే ఎవరైనా సరే, చేనుగలాయన కానీ, సర్పంచి కానీ, బతికి బట్ట కట్టరు. వీళ్లిద్దరూ, ఇంకా మిగతా వాళ్లూ, అందరూ నేను రాసినదాంట్లో ఉన్నారు.

నేను రాసిన కాగితాలను కోడలు ఫోనులో ఫొటోలు తీసి ఎవరికో పంపింది. కొన్నాళ్లకు కడప నుంచి ఫోనొచ్చింది. అక్కడి కాలేజీలో తెలుగు చెప్పే మేడం ఒకామె. పనిచేసే ఆడవాళ్లు తాము రాసినవి తామే చదివే సభ పెడుతున్నామని, నన్ను రమ్మని పిలిచింది. ఒక్కొక్కరికి పది నిమిషాలు.

"అమ్మా, మీకు వేగంగా చదవడం ఇబ్బంది అని మీ కోడలు చెప్పింది. మా విద్యార్థిని మీ బదులు చదువుతుంది. చాలా బాగా చదువుతుంది. మీరు వేదిక మీద కూర్చుంటే చాలు" అంది. మంచి మనసుతోనే అంది. మెత్తని గొంతు.

నేను, "వద్దు మేడం. నేనే చదువుతా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. కానీ వచ్చాక అది పోలేదు. ఇంటికి ఎవరైనా కొత్తవాళ్లు వస్తారు. కరెంటు మీటరు చూసేవాళ్లు, జనాభా లెక్కలవాళ్లు, ఓట్లడిగేవాళ్లు. నేను వాకిట్లో నిలబడి ఉంటాను. నన్ను చూసి, "ఇంట్లో ఎవరూ లేరామ్మా?" అంటారు. నేను కూడా ఎన్నో ఏళ్లు "ఎవరూ లేరప్పా, సాయంత్రం రాండి" అని చెప్పి పంపాను. నేను రాసిందాన్ని నేను అక్కడే కూర్చుని ఉండగా ఇంకొకరు చదివితే, ఇంట్లో ఎవరూ లేరని మళ్లీ నేనే చెప్పినట్టు అవుతుంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నా నోటితోనే చదవాలని పట్టుబట్టాను.

పట్టు పట్టడం తేలిక. చదవడం తేలిక కాదు. కోడలు ఫోనులో పది నిమిషాలకు అలారం పెట్టి చదవమంది. అలారం మోగేసరికి నేను సగానికి కూడా రాలేదు.

"కొంచెం తగ్గిద్దాం అత్తా. రెండు మూడు ముక్కలు తీసేద్దాం" అంది.

"ఎవర్ని తీసేసేది? పెద్దక్కనా, వదిననా? ఎవర్ని తీసినా మునుం తెగిపోతుంది గదే."

అప్పటి నుంచి చేనులో కూడా చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దులు విప్పుకున్నప్పుడు, జొన్నరొట్టె ఒక చేత్తో, కాగితాలు ఇంకో చేత్తో. వాళ్లు తింటూ వినేవాళ్లు. మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్లు, తాము కాగితంలో ఉన్నందుకు. తర్వాత తప్పులు పట్టడం మొదలైంది.

"ఆ పొద్దు మనం పత్తిలో లేం, బుడ్డల్లో ఉంటిమి" అనేది ఒకామె.

అన్నిటికంటే పెద్ద తగువు వదినది. నేను రాసిన దాంట్లో ఒక చోట, గొడుగు వేసుకుని గెనిమ మీద నిలబడిన చేనుగలాయన, "నోరు కాదమ్మా, చేతులు ఆడించండి" అంటాడు. "నోరు ఆడకుంటే చేతులు ఆడవప్పా!" అని పెద్దక్క జవాబిస్తుంది. అదీ వదిన బాధ.

"ఆ మాట అనింది నేను. పెద్దక్క కాదు."

"లేదు వదినా, పెద్దక్క గొంతు నాకు బాగా గుర్తుండాది."

"పెద్దక్కా, నువ్వే చెప్పు, ఎవరు అనింది?"

పెద్దక్క వేలికంటిన ఊరిబిండి పచ్చడి నాకుతూ, "నాకేం తెల్సు. రోజుకు వెయ్యి మాటలు అంటాం. ఏది ఎవరిదో యాడ గుర్తుంటాది?" అంది.

"అట్లయితే నా మాట తీసుకుపోయి పెద్దక్క నోట్లో పెట్టినావు. కడపలో కూడా అట్లే చదివితివంటే సూడు, నీ సాల్లో గరిక అట్లే వదిలేస్తా" అని నన్ను బెదిరించింది వదిన. గరిక పీకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ బెదిరింపు బరువు తెలుస్తుంది.

ఇలా ప్రతిరోజూ వినీ వినీ, వాదించీ వాదించీ, వాళ్లకు నేను రాసింది కంఠతా వచ్చేసింది. నేను గుర్తించలేదు. నా ధ్యాసంతా నా వేగం మీదే ఉంది.

సభ నాటికి మునుం అంతా బయలుదేరింది. నేను రమ్మనలేదు. "మమ్మల్ని రాసి, మమ్మల్ని వదిలిపెట్టి పోతావా?" అంది పెద్దక్క. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కడప ఎంత దూరమైతేనేం. తెల్లవారుజామునే ఆధార్ కార్డులు జాకెట్లలో దోపుకుని, కల్లూరు దాకా ఆటోలో వచ్చి, కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాం.

కండక్టరు చూసి, "ఏమ్మా, అందరూ ఒకేసారి యాడికి పోతాండారు? పెండ్లికా?" అన్నాడు.

"సభకు పోతాండాం" అంది వదిన.

"ఏం సభ?"

"మా డోనామె సభ. కడపలో పెద్ద పెద్దోళ్లంతా ఎదురు చూస్తాండారు. నువ్వు బండి కొంచెం బిర్రున పోనీమని డ్రైవరుకు చెప్పు."

డోనామె అంటే నేను. నంద్యాల దాటేదాకా కండక్టరు నన్ను చూసినప్పుడల్లా నవ్వాడు.

కాలేజీలో సభ జరిగే గది చల్లగా, పెద్దగా ఉంది. మేడం ఎదురొచ్చి మా చేతులు పట్టుకుంది. ముందు వరుసలో కూర్చోమంటే మావాళ్లు వినలేదు. "ఈడ ఫ్యాను బాగుండాది తల్లీ" అని పెద్దక్క చిట్టచివరి వరుసలో కూర్చుంది. మునుం మొత్తం ఆమె పక్కనే వరుసగా కూర్చుంది. కోడలు మాత్రం ముందుకు వచ్చి, ఫోనులో వీడియో తీయడానికి కూర్చుంది. నేను తడబడినా మాట అందించకూడదని ఆమె దగ్గర ముందే మాట తీసుకున్నాను.

నాకంటే ముందు చదివినవాళ్లు బాగా చదివారు. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆమె రాత్రి డ్యూటీ గురించి చదివింది. ఆఫీసులో పనిచేసే ఒకామె, పొద్దున్నే కట్టుకున్న క్యారియరు సాయంత్రం దాకా విప్పే తీరిక దొరకని రోజు గురించి కవిత చదివింది. నాకు ఆ కవిత బాగా నచ్చింది. విప్పని క్యారియరులో ఏం కూర ఉందో కూడా చెప్పింది. వేదిక మీద మేడం ముందు ఒక చిన్న గంట ఉంది. పది నిమిషాలు కాగానే ఆమె దాన్ని మెల్లగా మోగించేది. చదివేవాళ్లు నవ్వి, రెండు మాటల్లో ముగించేవాళ్లు. ఆ గంట మోగినప్పుడల్లా నా చేతిలోని కాగితాలు లెక్కపెట్టుకున్నాను.

నన్ను పిలిచారు. మైకు నా నోటికంటే పైన ఉంది. ఎవరో వచ్చి దించారు. కాగితాల మీద వేలు పెట్టి మొదలుపెట్టాను.

"మా ఊళ్లో ఆడదానికి రెండు పేర్లు. ఒకటి అమ్మానాయనా పెట్టింది. అది ఆధార్ కార్డులో ఉంటుంది. రెండోది పుట్టిన ఊరి పేరు. అది మనుషుల నోట్లో ఉంటుంది. నేను డోన్ నుంచి వచ్చాను కాబట్టి డోనామెను. నా పక్క సాలు వదిన బేతంచెర్లామె. మా మునుంలోకి వచ్చి చూస్తే, చుట్టుపక్కల ఊళ్లన్నీ వరుసగా కూర్చుని కలుపు తీస్తున్నట్టు ఉంటుంది..."

ఎవరో నవ్వారు. మంచి నవ్వు. ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలో తల ఎత్తి జనాన్ని చూశాను. అదే నేను చేసిన పొరపాటు. మళ్లీ తల దించేసరికి వేలు జారింది. వరుస పోయింది. ఎక్కడ చదువుతున్నానో తెలియలేదు. అక్షరాలన్నీ చేనంతా పరుచుకున్న గరికలాగా కనిపించాయి. ఒక వాక్యం మొదలుపెట్టాను, అది ఎప్పుడో చదివేసింది. ఇంకోటి మొదలుపెట్టాను, అది ఇంకా చాలా కిందది. ఆపాను. కోడలు పెదవులు బిగించి నన్నే చూస్తోంది, ఇచ్చిన మాటకు కట్టుబడి. మేడం మెత్తగా, "పర్వాలేదమ్మా, మా అమ్మాయి అందుకుంటుంది" అని పక్కనున్న విద్యార్థిని వైపు చూసింది. ఆ పిల్ల లేచి నిలబడింది కూడా.

అప్పుడు చివరి వరుసలోంచి, రెండు చేల అవతలికి వినపడే ఆ గొంతు లేచింది.

"ఏమ్మే డోనామే, వెనకబడ్నావు! కానీ, కానీ!"

అని ఊరుకోలేదు. పెద్దక్క లేచి నిలబడి, నేను ఆగిన చోటు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. "పొద్దు పొడవకముందే సద్ది కట్టుకుని, ఇంట్లో అందరూ నిద్రలో ఉండంగానే..." నా మాటలే. ఒక్క అక్షరం పొల్లు పోకుండా నా మాటలే. ఆమె ఊపిరి తీసుకోడానికి ఆగితే పక్కనామె అందుకుంది. ఆమె ఆగితే ఇంకొకామె. వాళ్లు సభలో ఉన్నారన్న సంగతి వాళ్లకు తోచలేదు. వరుసలో ఒకామె వెనకబడింది, ఆమె సాలులో చేయి వేశారు. అంతే.

జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఇదంతా ముందే అనుకుని చేస్తున్నామనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. ఆ విద్యార్థినిని వద్దన్నది దీనికా? బస్సులో ఇంత దూరం వచ్చింది వీళ్లు చెబుతుంటే నిలబడి వినడానికా? కాగితాల్లో నా వరుస కోసం పిచ్చిదానిలా వెతికాను.

అంతలో వాళ్లు చివరి కాగితానికి ముందున్న చేనుగలాయన గొడుగు దాకా వచ్చేశారు. పెద్దక్క హాయిగా చెప్పుకుపోతోంది. "'నోరు కాదమ్మా, చేతులు ఆడించండి' అన్నాడు. 'నోరు ఆడకుంటే చేతులు ఆడవప్పా!' అంది పెద్దక్క."

"ఆ మాట నాది!" అని లేచింది వదిన.

గది ఒక్కసారిగా ఘొల్లుమంది.

"నవ్వకండి. ఇది నవ్వే సంగతి కాదు. కర్నూలు నుంచి చెప్తానే ఉండా. ఆ మాట అనింది నేను."

పెద్దక్క ఆమె వైపు తిరిగి, అందరి ముందూ, తీర్పు చెప్పినట్టు చెప్పింది. "ముందు నువ్వే అంటివి లేమ్మే. మెల్లగా అంటివి. ఆయప్పకు వినపడలా. మళ్లా నేను గట్టిగా అంటి. ఇద్దరిదీ ఆ మాట. సరిపోయిందా?"

"ఇన్నాళ్లూ గుర్తులేదంటివి గదా!"

"ఇప్పుడు గుర్తొచ్చింది. కూర్చో."

ముందు వరుసలో ఆఫీసామె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మేడం ఒక చేత్తో నోరు మూసుకుంది. రెండో చేతిలో గంట ఉంది, కానీ దాని నాలుకను వేలితో పట్టుకుని ఉంది, మోగకుండా. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను కూడా మైకులోనే నవ్వేశాను. నా నవ్వు గదిలో నాలుగు మూలల నుంచీ నాకే వినపడింది. అట్లా నవ్వుతూ తల దించేసరికి నా వేలు చివరి కాగితం మీద ఉంది. చివరి ముక్క మొదటి మాట, స్పష్టంగా, నల్లగా, కనిపించింది.

"పెద్దక్కా" అన్నాను మైకులో. "ఇంక చాలు. నేను వచ్చేసినా. ఈ కడ ముక్క నాది."

"వచ్చినావా? అయితే కానీ" అని పెద్దక్క కూర్చుంది. మునుం అంతా కూర్చుంది. ఒక్కరు కూడా పెదవి కదపలేదు. వాళ్లకు ఆ ముక్క కూడా వచ్చని నాకు తెలుసు.

చదివాను. ఎంత నెమ్మదిగా చదవగలనో అంత నెమ్మదిగా చదివాను. తొందరపడలేదు.

"సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే చేను శుభ్రంగా ఉంటుంది. ఏ సాలు ఎవరు తీశారో చేను చెప్పదు. చేనుగలాయనకు తెలియదు. పంట తినేవాళ్లకు తెలియదు. మాకు తెలుసు. ఇన్నేళ్లూ మాకు తెలిస్తే చాలనుకున్నాం. చాలదని తోచి నేను అక్షరాలు నేర్చుకున్నాను, ఇది రాశాను."

నిజానికి సీరియల్ కోసం నేర్చుకున్నానని మీకు తెలుసు. రాసేటప్పుడు అది గుర్తు రాలేదు. కోడలు మాత్రం ఆ చోట ఫోను వెనక నుంచి నా వైపు ఒక చూపు చూసింది.

సభ అయ్యాక అన్నాలు పెట్టారు. ఆఫీసామె తన పళ్లెం తెచ్చుకుని మా వరుసలో కింద కూర్చుంది. "మా ఆఫీసులో ఎవరైనా వెనకబడితే మెమో ఇస్తారక్కా" అంది.

"మీ ఆఫీసులో మునుం పట్టేది ఎవరు?" అని అడిగింది వదిన.

ఆమె ఆలోచించి, "ఎవరూ లేరు" అంది.

"ఇంతమంది ఆడోళ్లుండి? ఎవరో ఒకరు పట్టండి తల్లీ. నువ్వే పట్టు. ఒకరు కానీ అంటే చాలు, మిగతావాళ్ల చేతులు అవే కదుల్తాయి." అని ఆమె పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టించింది. పోయేటప్పుడు ఆఫీసామె వదిన ఫోన్ నంబరు తీసుకుని పోయింది.

మేడం నాకు శాలువా కప్పింది. మాకు అలాంటివి అలవాటు లేదు. ఇంకో పైటలాగా భుజాన వేసుకుని బస్సెక్కాను. మైదుకూరు దాటేసరికి ఎండ తగ్గి, కిటికీల్లోంచి చల్లగాలి కొట్టడం మొదలైంది. "ఏదీ, చూద్దాం ఇటియ్యి" అని పెద్దక్క శాలువా తీసుకుని తల మీదుగా కప్పుకుంది. కాసేపటికి వదిన లాక్కుంది. అది ఒక సీటు నుంచి ఇంకో సీటుకు పోతూ, మళ్లీ నా దాకా రాలేదు.

ఆళ్లగడ్డ దగ్గర నా భర్త ఫోను చేశాడు.

"ఏమి, చదివినావా?"

"చదివినా."

"అంతా నువ్వే చదివినావా? నిజం చెప్పు."

"మొదలు నేను, కడ నేను. నడుమ..."

ఆ మాట పూర్తి కాకముందే వెనక సీట్లోంచి, శాలువాలోంచి ఒక చేయి వచ్చి నా ఫోను లాక్కుంది.

"నడుమంతా మేమన్నా!" అని అరిచింది వదిన. "ఇంకోటి చెప్పాల నీకు. ఆ నోరు ఆడే మాట ఉండాదే, అది నాదని కడపలో తేలిపోయింది!"

"సగం!" అంది పెద్దక్క, కళ్లు తెరవకుండానే.